ఎప్పుడూ చార్జింగ్‌లో ఉండే ల్యాప్‌టాప్: బ్యాటరీ ఆయుర్దాయం

అడాప్టర్ తీయకుండా నెలల తరబడి వాడే ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ పని చేయకుండానే ముసలిదవుతుంది. ఒకటి రెండేళ్ల తర్వాత కరెంటు పోయినప్పుడో, ప్రయాణంలో తెరిచినప్పుడో ఆ సంగతి బయటపడుతుంది. కొత్తలో నాలుగు గంటలు వచ్చిన బ్యాకప్ అప్పటికి బాగా పడిపోయి ఉంటుంది. దీనికి చాలామంది చెప్పే కారణం ఓవర్‌చార్జింగ్. అది నిజం కాదు. నేటి ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ నిండగానే చార్జింగ్ దానంతటదే ఆగిపోతుంది. అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. నిండిన సెల్ ఎక్కువ వోల్టేజి దగ్గర అలాగే ఉండిపోతుంది, పక్కనే ప్రాసెసర్ వేడి తగులుతూ ఉంటుంది, లోపలి రసాయనాలు నెమ్మదిగా పాడవుతాయి. ప్లగ్గు వల్ల విడిగా కలిగే హాని అంటూ ఏమీ లేదు. ఇలాంటి యంత్రంలో నిండుదనం, వేడి, గడిచిన కాలం, ఈ మూడే ప్రధానంగా బ్యాటరీ ఆయుర్దాయాన్ని నిర్ణయిస్తాయి.

ఈ విషయంలో పొంతన లేని సలహాలు ప్రచారంలో ఉండటానికి పాత కారణం ఒకటుంది. 1980లు, 1990ల నాటి ల్యాప్‌టాప్‌లలో నికెల్-కాడ్మియం, ఆ తర్వాత నికెల్-మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలు ఉండేవి. నికెల్-కాడ్మియం సెల్‌ను ప్రతిసారీ కొంతవరకే వాడి మళ్లీ చార్జి చేస్తూ పోతే, కొన్నాళ్లకు అంతవరకు రాగానే వోల్టేజి జారిపోయే గుణం దానికి ఉంది. దానినే మెమరీ ఎఫెక్ట్ అన్నారు. పూర్తిగా అయిపోయేదాకా వాడి అప్పుడే చార్జింగ్ పెట్టాలన్న నియమం అక్కడి నుంచి వచ్చింది. 1991లో సోనీ సంస్థ లిథియం-అయాన్ సెల్‌ను మార్కెట్లోకి తెచ్చింది, క్రమంగా ల్యాప్‌టాప్‌లన్నీ దానికి మారాయి. సెల్ మారినా నియమం మాత్రం జనం నోట నిలిచిపోయింది. ఇళ్లలోని ఇన్వర్టర్ బ్యాటరీ ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచింది. సాధారణంగా అది లెడ్-యాసిడ్ రకం. దాన్ని ఎప్పుడూ నిండుగా ఉంచడమే మేలు. ఖాళీగా వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. లిథియం-అయాన్ స్వభావం దీనికి సరిగ్గా ఎదురు. ఒకే ఇంట్లో ఉన్న రెండు బ్యాటరీలకు ఒకే సూత్రం వర్తించదన్నది తేలిగ్గా మరుగున పడే సంగతి.

చార్జింగ్ జరిగే తీరు

ల్యాప్‌టాప్ బ్యాటరీ ఒకే ముక్కగా కనిపించినా లోపల సాధారణంగా రెండు నుంచి నాలుగు వరసల సెల్‌లు శ్రేణిలో ఉంటాయి. ఒక్కో సెల్ సగటు వోల్టేజి 3.6 నుంచి 3.9 వోల్టుల మధ్య ఉంటుంది. నిండినప్పుడు అది 4.2 వోల్టులకు, కొత్త రకాల్లో 4.35 నుంచి 4.45 వోల్టుల దాకా చేరుతుంది. పాత యంత్రాల్లో 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న స్తూపాకారపు సెల్‌లు వాడేవారు. సన్నని ల్యాప్‌టాప్‌ల కాలం వచ్చాక పల్చటి రేకు సంచిలో పెట్టిన బల్లపరుపు పౌచ్ సెల్‌లు వాటి స్థానంలోకి వచ్చాయి. బ్యాటరీ మొత్తం శక్తి చాలావరకు 40 నుంచి 100 వాట్-అవర్ల మధ్య ఉంటుంది. దాన్ని 100 దాటనివ్వకపోవడానికి ముఖ్య కారణం విమానయాన నిబంధనలు. అంతకు మించిన బ్యాటరీతో విమానం ఎక్కాలంటే ఎయిర్‌లైన్స్ అనుమతి తీసుకోవాలి.

చార్జింగ్ రెండు దశల్లో జరుగుతుంది. మొదట చార్జర్ స్థిరమైన కరెంటును పంపుతుంది. సెల్ గరిష్ఠ వోల్టేజికి చేరాక ఆ వోల్టేజిని అక్కడే పట్టి ఉంచి, కరెంటును క్రమంగా తగ్గనిస్తుంది. అది ఒక చిన్న స్థాయికి పడిపోగానే చార్జింగ్ ఆగుతుంది. లెడ్-యాసిడ్ బ్యాటరీకి ఇచ్చినట్టు ఆపకుండా కొద్దికొద్దిగా కరెంటు పంపుతూ ఉండటం లిథియం-అయాన్‌కు పనికిరాదు. ఆగాక యంత్రానికి కావలసిన కరెంటు నేరుగా అడాప్టర్ నుంచే వెళ్తుంది, బ్యాటరీ పక్కన ఊరికే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ దాని చార్జి కొద్దిగా తగ్గుతుంది. చాలా యంత్రాల్లో అది 95 శాతం ప్రాంతానికి దిగినప్పుడు మాత్రమే మళ్లీ చార్జింగ్ మొదలవుతుంది. తెరమీద 97 శాతం దగ్గర ‘చార్జింగ్ లేదు’ అని కనిపిస్తే చెడిపోయిందని కంగారు పడేవారు చాలామంది ఉన్నారు. అది లోపం కాదు, అలా రూపొందించినదే.

దీనికి ఒక మినహాయింపు ఉంది. అడాప్టర్ ఇవ్వగలిగిన దానికంటే యంత్రం ఎక్కువ శక్తి అడిగినప్పుడు, ఆ లోటును బ్యాటరీ పూడుస్తుంది. పెద్ద గ్రాఫిక్స్ చిప్ ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌ను దాని సొంత అడాప్టర్ వదిలేసి చిన్న టైప్-సీ చార్జర్‌తో నడిపితే, ప్లగ్గులో ఉండగానే బ్యాటరీ శాతం తగ్గుతూ పోతుంది. ఇలాంటి యంత్రంలో బ్యాటరీకి విశ్రాంతి లేదు. చిన్న చిన్న చార్జి-డిశ్చార్జి చక్రాలు రోజంతా తిరుగుతూనే ఉంటాయి.

పని లేకుండానే వచ్చే ముసలితనం

లిథియం-అయాన్ సెల్‌లో ఒకవైపు గ్రాఫైట్ పొరలు, మరోవైపు కోబాల్ట్, నికెల్, మాంగనీస్ వంటి లోహాల ఆక్సైడ్ ఉంటాయి. మధ్యలో సేంద్రియ ద్రావణిలో కరిగిన లిథియం లవణం ఉంటుంది. దీనినే ఎలక్ట్రోలైట్ అంటారు. చార్జి చేసినప్పుడు లిథియం అయాన్లు ఆక్సైడ్‌ను వదిలి గ్రాఫైట్ పొరల మధ్య చేరతాయి, వాడినప్పుడు వెనక్కి వస్తాయి. లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ ఇందుకు పనికివస్తుందని 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడ్‌ఎనఫ్ బృందం చూపింది. జపాన్‌లో అసాహి కసీ సంస్థకు చెందిన అకిరా యోషినో 1985లో దానికి కార్బన్ ఎలక్ట్రోడ్‌ను జోడించి వాడకానికి వీలైన రూపం ఇచ్చాడు. వీరిద్దరికీ, అంతకుముందు దారి వేసిన స్టాన్లీ విట్టింగ్‌హామ్‌కూ కలిపి 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

చార్జి నిండేకొద్దీ గ్రాఫైట్ పొటెన్షియల్ దాదాపు లిథియం లోహం స్థాయికి దిగుతుంది. ఆ స్థితిలో దాన్ని తాకిన ఎలక్ట్రోలైట్ నిలవలేదు. అది విచ్ఛిన్నమై గ్రాఫైట్ మీద అతి సన్నని ఘనపొరగా పేరుకుంటుంది. ఇలాంటి పొర స్వభావాన్ని ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఎమాన్యుయెల్ పెలెడ్ 1979లో వివరించాడు. ఈ పొర శత్రువేమీ కాదు. ఇదే లేకపోతే ఎలక్ట్రోలైట్ ఆగకుండా విచ్ఛిన్నమవుతూనే ఉంటుంది, సెల్ నాలుగు రోజులు కూడా నడవదు. చిక్కల్లా అది పెరగడం పూర్తిగా ఆగకపోవడమే. పెరిగిన ప్రతిసారీ కొంత లిథియంను తనలో బంధిస్తుంది. ఆ లిథియం ఇక అటూ ఇటూ తిరగదు, అంటే అంత సామర్థ్యం శాశ్వతంగా పోయినట్టే. పొర మందమయ్యేకొద్దీ దాని పెరుగుదల నెమ్మదిస్తుంది. సుమారుగా కాలం వర్గమూలానికి అనుపాతంలో పెరుగుతుందని చెబుతారు. అందుకే తొలి ఏడాది పోయినంత సామర్థ్యం సాధారణంగా రెండో ఏడాది పోదు.

రెండోవైపు కథ వేరు. నిండిన సెల్‌లో ఆక్సైడ్ తన లిథియంను చాలావరకు వదిలేసి ఉంటుంది. 4.2 వోల్టుల దగ్గర లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ దాదాపు సగం లిథియంను కోల్పోతుంది. అంతకు మించి లాగితే స్ఫటిక నిర్మాణమే దెబ్బతినే ప్రమాదం ఉంది. లిథియం తగ్గిన ఆక్సైడ్ ఎలక్ట్రోలైట్‌ను ఆక్సీకరణం చేస్తుంది, లోహపు అయాన్లు కొంచెం కొంచెంగా కరుగుతాయి. కరిగిన లోహం అవతలికి చేరి గ్రాఫైట్ మీది పొర ఇంకా త్వరగా పెరిగేలా చేస్తుంది. ఎక్కువ బ్యాకప్ కోసం సెల్ వోల్టేజిని 4.4కు పైగా తీసుకెళ్లిన కొత్త సెల్‌లలో ప్రత్యేక పూతలు, ఎలక్ట్రోలైట్‌లో కలిపే రసాయనాలు వాడటం దీన్ని అదుపు చేయడానికే.

ఈ క్షయం చార్జి శాతంతో పాటు సమానంగా పెరగదు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో మూడు రకాల సెల్‌లను వేర్వేరు చార్జి స్థాయిల్లో నెలల తరబడి నిల్వ ఉంచి చూశారు. సామర్థ్య నష్టం మెట్లు మెట్లుగా కనిపించింది. చాలా దూరం ఒకే స్థాయిలో సాగి, గ్రాఫైట్ సగానికి మించి నిండే చోట ఒక్కసారిగా పైకి లేచింది. చార్జిని 95 నుంచి 90కి దించితే పెద్దగా ఒరిగేది లేకపోవడానికీ, 60 ప్రాంతానికి దించితే స్పష్టమైన లాభం కనిపించడానికీ ఇది ఒక వివరణ. తయారీదారులు 80 దగ్గర ఆపడం ఒక రాజీ. రసాయనశాస్త్రం ఇంకా కిందికి దించమంటుంది, వాడేవారు అంత బ్యాకప్ వదులుకోరు.

కెనడాకు చెందిన కాడెక్స్ ఎలక్ట్రానిక్స్ నిర్వహించే ‘బ్యాటరీ యూనివర్సిటీ’ ఇచ్చిన ఒక పట్టిక ఈ రంగంలో తరచూ ఉదాహరణగా వినిపిస్తుంది. దాని ప్రకారం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఏడాది నిల్వ ఉంచిన సెల్, 40 శాతం చార్జితో ఉంటే 96 శాతం సామర్థ్యాన్ని నిలుపుకుంటుంది, నిండుగా ఉంటే 80 శాతమే మిగులుతుంది. 40 డిగ్రీల వద్ద ఇవే అంకెలు 85, 65కు పడతాయి. ఇవి స్థూలమైన అంచనాలు మాత్రమే. నేటి మంచి సెల్‌లు ఇంతకంటే మెరుగ్గా నిలుస్తాయి. అయినా నిండుదనం, వేడి విడివిడిగా చేసే హాని కంటే కలిసి చేసే హాని ఎంత ఎక్కువో ఈ అంకెలు చూపుతాయి.

వాడకం వల్ల వచ్చే అరుగుదల దీనికి భిన్నం. లిథియం చేరినప్పుడు గ్రాఫైట్ ఘనపరిమాణం సుమారు 10 శాతం పెరుగుతుంది, వెళ్లిపోయినప్పుడు తగ్గుతుంది. ఇలా ఉబ్బి కుంచించుకుపోవడం వల్ల పైపొర పగిలి మళ్లీ ఏర్పడుతుంది, అందుకు మరికొంత లిథియం ఖర్చవుతుంది. 100 శాతం నుంచి సున్నా దాకా వాడితే ఈ ఒత్తిడి ఎక్కువ. చిన్న చిన్న చక్రాల్లో చాలా తక్కువ. కాబట్టి బ్యాటరీకి ‘వ్యాయామం’ కావాలంటూ రోజూ ప్లగ్గు పీకి చివరిదాకా వాడేయడం ఒక నష్టానికి బదులు మరో నష్టాన్ని తెచ్చుకోవడమే. ప్లగ్గులో ఉంచాలా వద్దా అన్న ప్రశ్న కంటే ఎంత శాతం దగ్గర ఉంచాలన్న ప్రశ్నే అసలైనది.

వేడి

పైన చెప్పిన రసాయన చర్యలన్నీ ఉష్ణోగ్రతతో పాటు వేగం పుంజుకుంటాయి. పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది ఇంజినీర్లు వాడే మోటు లెక్క. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ సాధారణంగా చేతులు ఆనించే భాగం కింద, ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ చిప్‌కు కొద్ది దూరంలోనే ఉంటుంది. గది 30 డిగ్రీలున్నా లోపల బ్యాటరీ 40 దాటడం మామూలే. మంచం మీదా, దిండు మీదా పెట్టి వాడితే గాలి రంధ్రాలు మూసుకుపోయి ఇంకా పెరుగుతుంది. తెర మూసి బయటి మానిటర్‌తో రోజంతా నడపడం వల్ల కూడా కొన్ని నమూనాల్లో వేడి లోపలే నిలిచిపోతుంది.

ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లను 10 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడమని చెబుతుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే రామగుండం, రెంటచింతల వంటి చోట్ల ఫ్యాను గాలి మాత్రమే ఉన్న గదిలో ఈ హద్దు ఎన్నో రోజులు దాటిపోతుంది. ఇలాంటి చోట 100 శాతం దగ్గర ప్లగ్గులో ఉంచడం చల్లని దేశంలో ఉంచడం కంటే ఎక్కువ ఖరీదైన అలవాటు. వేసవిలో కారులో వదిలేసిన, నిండా చార్జి ఉన్న ల్యాప్‌టాప్‌కు జరిగే హాని ఇంకా ఎక్కువ.

ఉబ్బడం

ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమైనప్పుడు కార్బన్ డయాక్సైడ్, ఎథిలీన్ వంటి వాయువులు కొద్ది మోతాదులో వెలువడతాయి. పౌచ్ సెల్‌కు గట్టి లోహపు డబ్బా ఉండదు కనుక ఆ వాయువుతో రేకు సంచి ఉబ్బుతుంది. టచ్‌ప్యాడ్ పైకి లేవడం, దాని క్లిక్ పట్టేయడం, మూత సరిగా మూసుకోకపోవడం, బల్ల మీద పెడితే యంత్రం ఊగడం దీని తొలి గుర్తులు. ఏళ్ల తరబడి వేడిలో, నిండుగా ఉంచిన యంత్రాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, సెల్ తయారీ లోపాల వల్ల కూడా రావచ్చు. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చి గాలి తీయడం అత్యంత ప్రమాదకరం. లోపలి ఎలక్ట్రోడ్‌లు ఒకదానికొకటి తాకితే మంట లేస్తుంది. అలాంటి యంత్రానికి చార్జింగ్ ఆపి, ఆఫ్ చేసి సర్వీసు కేంద్రానికి ఇవ్వడం తప్ప ఇంట్లో చేయదగిన మరమ్మతు లేదు.

అగ్ని ప్రమాదాలన్నిటినీ నిరంతర చార్జింగ్ ఖాతాలో వేయడం కూడా సరికాదు. 2006లో సోనీ సెల్‌లున్న బ్యాటరీలను డెల్ 41 లక్షలు, ఆపిల్ 18 లక్షలు వెనక్కి పిలిపించాయి. అక్కడి దోషం తయారీలో సెల్ లోపల చేరిన లోహపు రేణువులది.

చార్జి పరిమితులు

నిండుగా ఉంచడం వల్ల వచ్చే క్షయానికి పరిశ్రమ కనుగొన్న జవాబు సులువైనది: ప్లగ్గు ఉండనిచ్చి, నింపడం మాత్రం ముందే ఆపేయడం. ఐబీఎం కాలం నుంచీ కార్యాలయాల యంత్రంగా పేరున్న థింక్‌ప్యాడ్‌లో ఎక్కడ చార్జింగ్ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో రెండు అంకెలు విడిగా పెట్టుకోవచ్చు. ఉదాహరణకు 75, 80 అని పెడితే 75కు దిగేదాకా చార్జర్ కదలదు. రెండు అంకెల మధ్య ఖాళీ ఉంచడం వల్ల ఒక్కో శాతానికీ మళ్లీ మళ్లీ చార్జి కావడం తప్పుతుంది. సోనీ వయో యంత్రాల్లో 80, 50 శాతాల దగ్గర ఆపే ఏర్పాటు ఉండేది. లెనోవో ఐడియాప్యాడ్‌లోని కన్జర్వేషన్ మోడ్ తొలి రోజుల్లో 60 దగ్గర ఆపేది, తర్వాతి నమూనాల్లో 80 ప్రాంతానికి మారింది. ఆసుస్ యంత్రాల్లో 60, 80, 100 అనే మూడు ఎంపికలుండేవి. డెల్‌లో ‘ప్రైమరిలీ ఏసీ యూజ్’ అనే అమరిక సరిగ్గా ఎప్పుడూ ప్లగ్గులో ఉండే వారి కోసమే పెట్టినది. ఏసర్, హెచ్‌పీ 80 శాతం హద్దును తమ సాఫ్ట్‌వేర్ లేదా బయాస్ ద్వారా అందిస్తాయి. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్‌లో దుకాణాల కౌంటర్లలో నిత్యం ఆన్‌లో ఉండే యంత్రాల కోసం 50 శాతం దగ్గరే ఆపే బ్యాటరీ లిమిట్ ఉంది. లినక్స్‌లో కెర్నెల్ ఈ హద్దును నేరుగా చూపుతుంది, టీఎల్‌పీ వంటి ఉపకరణాలతో దాన్ని మార్చుకోవచ్చు. లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్‌లో 48వ వెర్షన్ నుంచి సెట్టింగ్స్‌లోనే ఈ ఎంపిక చేరింది.

ఆపిల్ దారి కొంత వేరు. 2020 మేలో విడుదలైన మ్యాక్ ఓఎస్ 10.15.5 నుంచి యంత్రం తానే ఉష్ణోగ్రతనూ, చార్జింగ్ అలవాట్లనూ గమనించి గరిష్ఠ చార్జిని తగ్గించుకుంటుంది. ఇది అందరికీ ఒకేలా పనిచేయదు. ఎప్పుడు చార్జర్ తీస్తారో అంచనా వేయలేని అలవాటున్నవారికి యంత్రం 100 శాతానికే నింపేస్తుంది. తానుగా ఊహించే పద్ధతి కంటే వాడేవారు పెట్టుకునే స్థిరమైన హద్దే నమ్మదగినది. అయితే ఈ హద్దుల్లో ఏదైనా మొదటి రోజు నుంచీ పెట్టుకుంటేనే పూర్తి ఫలితం ఇస్తుంది. బంధించబడిన లిథియం తిరిగి రాదు. ప్రయాణానికి ముందు రోజు హద్దు తీసేసి 100 దాకా నింపుకోవడంలో తప్పేమీ లేదు. కొన్ని గంటల నిండుదనం వల్ల వచ్చే హాని లెక్కలోకి రాదు.

బ్యాటరీ తీసి పక్కన పెట్టే పద్ధతి విడిగా ఊడదీసే బ్యాటరీల కాలంలో ప్రచారంలో ఉండేది. సగం చార్జితో చల్లని చోట దాచితే అది నిజంగానే ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ కరెంటు పోయిన క్షణంలో చేస్తున్న పని పోతుంది. కొన్ని పాత మ్యాక్‌బుక్‌లు బ్యాటరీ లేకపోతే ప్రాసెసర్ వేగాన్నే తగ్గించేసేవి, ఎందుకంటే ఒక్కసారిగా ఎక్కువ శక్తి కావలసినప్పుడు అడాప్టర్‌కు తోడుగా బ్యాటరీ ఉండాలి. నేటి యంత్రాల్లో బ్యాటరీ లోపలే స్క్రూలతో, జిగురుతో బిగించి ఉంటుంది కాబట్టి ఈ చర్చకు ఆచరణలో విలువ పోయింది.

కొలత, మార్పిడి

బ్యాటరీలోని చిప్ లోపలికి, బయటికి పోయే కరెంటును లెక్కపెట్టి శాతం చూపుతుంది. నెలల తరబడి ప్లగ్గులోనే ఉంటే దానికి సరిచూసుకునే అవకాశం రాదు, చిన్న చిన్న తేడాలు పోగవుతాయి. 30 శాతం చూపుతుండగా యంత్రం ఠక్కున ఆగిపోవడం ఒక్కోసారి దీనివల్లే. ఎప్పుడైనా ఒకసారి బాగా కిందికి దించి మళ్లీ నింపితే అంకె సరిపడుతుంది. ఇది కొలతను సరిచేస్తుందే తప్ప పోయిన సామర్థ్యాన్ని తిరిగి తేదు.

విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ అనే నివేదిక తయారీనాటి సామర్థ్యాన్నీ, ఇప్పుడు పట్టే పూర్తి చార్జినీ పక్కపక్కన చూపుతుంది. 50 వాట్-అవర్ల బ్యాటరీ ఇప్పుడు 40 పడితే 80 శాతం ఆరోగ్యం ఉన్నట్టు. అదే నివేదికలో కనిపించే చక్రాల సంఖ్యను జాగ్రత్తగా చదవాలి. మొత్తం మీద 100 శాతం వాడితే ఒక చక్రం. రెండు రోజులు సగం సగం వాడినా ఒకటే. ఎప్పుడూ ప్లగ్గులో ఉండే యంత్రంలో ఈ సంఖ్య చాలా తక్కువగా ఉంటుంది. చక్రాలు పదుల్లోనే ఉండి సామర్థ్యం బాగా పడిపోయి కనిపిస్తే అందులో వింత లేదు, అది కాలం వల్ల వచ్చిన క్షయం. నేటి మ్యాక్‌బుక్‌లు 1000 చక్రాల దాకా 80 శాతం సామర్థ్యం నిలిపేలా రూపొందించామని ఆపిల్ చెబుతుంది. ప్లగ్గులోనే ఉండే యంత్రం ఆ అంకె దరిదాపులకు రాకముందే ముసలిదైపోతుంది. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవారు చక్రాలు తక్కువున్నాయని చూసి మోసపోవడం ఇక్కడే.

సామర్థ్యం 80 శాతం కిందికి పడినంత మాత్రాన బ్యాటరీ మార్చాల్సిన అవసరం లేదు. బల్ల మీదే ఉండే యంత్రానికి కరెంటు పోయినప్పుడు ఫైళ్లు భద్రపరచుకునేంత సమయం దొరికితే చాలు, ఆ పని 60 శాతం ఉన్న బ్యాటరీ కూడా చేస్తుంది. ఉబ్బడం, ఉన్నట్టుండి ఆగిపోవడం, యంత్రమే హెచ్చరిక చూపడం మార్చడానికి గట్టి కారణాలు. చవకగా దొరికే నకిలీ బ్యాటరీల్లో రక్షణ చిప్‌లు నాసిరకంగా ఉండే ప్రమాదం ఉంది కాబట్టి తయారీదారు నుంచి గానీ పేరున్న విక్రేత నుంచి గానీ తీసుకోవడం మంచిది. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. భారత ప్రభుత్వం 2022లో తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత ఉత్పత్తిదారులది. సర్వీసు కేంద్రంలో గానీ, అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రంలో గానీ దాన్ని అప్పగించవచ్చు.